యార్మూక్: ఆరు రోజుల యుద్ధం, ఇరవై ఆరేళ్ల అప్పు

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఒక పాత సువార్తల ప్రతి ఉంది. 6వ శతాబ్దంలో తోలు పుటల మీద సిరియాక్ భాషలో రాసిన మత్తయి, మార్కు సువార్తలు అవి. అసలు గ్రంథం మొదలవకముందు ఖాళీగా వదిలిన పుట మీద తర్వాతి రోజుల్లో ఎవరో నాలుగు ముక్కలు గీకారు. సిరా వెలిసిపోయింది. చాలాచోట్ల సగం మాటే మిగిలింది, మిగతా సగం పండితులు పూరించుకోవలసిందే. మన ఇళ్లలో తాతలు పంచాంగం లోపలి అట్ట మీద పురుళ్లు, తుపానులు, పొలం కొన్న తేదీలు రాసిపెట్టేవారు చూడండి, ఇదీ అలాంటి రాతే.

అందులో ముహమ్మద్ పేరుంది. పల్లెలు పాడైన సంగతి ఉంది. ఆపైన, గ్రీకు శకం 947వ ఏట ఆగస్టు 20న గబీతా దగ్గర రోమన్లు గుమిగూడారనీ, వాళ్లలో 50 వేల మంది దాకా చచ్చారనీ ఉంది. ఆ 947 మన లెక్కలో 636. గబీతా అంటే అరబ్బులు జాబియా అనే చోటు. ఇప్పటి సిరియా నైరుతి మూలన, గోలన్ గుట్టల పక్కన ఉంటుంది. దానికి దక్షిణంగా లోతైన లోయలో పారే నది పేరు యార్మూక్. చరిత్ర పుస్తకాల్లోకి ఆ యుద్ధం ఈ నది పేరుతోనే ఎక్కింది.

క్రీ.పూ. 64లో రోమన్ సేనాని పాంపే సిరియాని రోమ్‌లో కలిపాడు. అక్కణ్ణుంచి లెక్కేస్తే ఏడు వందల ఏళ్ల ఏలుబడి. యార్మూక్‌లో అరబ్బు ముస్లింల చేతిలో ఓడాక రెండు మూడేళ్లలో సిరియా, పాలస్తీనా దాదాపు మొత్తం పోయాయి. 642 కల్లా ఈజిప్టూ పోయింది. ఒక్క దెబ్బకి అంత పెద్ద ఇల్లు ఎలా కూలిందని అడిగితే రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఒకటి, కొత్త మతం ఇచ్చిన తెగింపు. రెండోది, ముస్లిం సేనాని ఖాలిద్ బిన్ వలీద్ యుద్ధతంత్రం. రెంటిలోనూ నిజముంది. కానీ ఊళ్లూ కోటలూ ధాన్యపు కొట్లూ ఉన్న పక్షం, తన సొంత గడ్డ మీద, ఒక్క వేసవి పాటు సైన్యాన్ని కుదురుగా నిలబెట్టుకోలేకపోయింది ఎందుకు? ఆ ప్రశ్నకు జవాబు కత్తుల్లో కన్నా చిట్టాపద్దుల్లో ఎక్కువ దొరుకుతుందని నా నమ్మకం.

మొదలుపెట్టే ముందు పేర్ల సంగతి. మనం బైజాంటైన్లు అంటున్నవాళ్లు తమని తాము రోమన్లు అనే చెప్పుకున్నారు. కాన్‌స్టాంటినోపుల్ రాజధాని, గ్రీకు భాష, క్రైస్తవ మతం, అయినా పేరు మాత్రం రోమ్. ‘బైజాంటైన్’ తర్వాతి చరిత్రకారులు తగిలించిన పేరు. అరబ్బులు వాళ్లని ‘రూమ్’ అన్నారు. ఖురాన్‌లో ఆ పేరుతో ఒక అధ్యాయమే ఉంది. తర్వాత ఆ నేల తురుష్కుల చేతికి వచ్చినా పేరు పోలేదు. నిజాం కాలపు హైదరాబాదులో పెద్దమనుషులు పెట్టుకున్న ఎర్ర కుచ్చు టోపీని రూమీ టోపీ అన్నది అందుకే. ఆ రూమీకీ, యార్మూక్‌లో ఓడిన రూమ్‌కీ చుట్టరికం ఉంది.

గెలిచి దివాలా తీసినవాడు

602లో కాన్‌స్టాంటినోపుల్‌లో తిరుగుబాటు జరిగి మారిస్ చక్రవర్తిని చంపేశారు. ఆ సాకుతో పర్షియా రాజు రెండో ఖుస్రూ దండెత్తాడు. ఆ యుద్ధం 628 దాకా, అంటే ఇరవై ఆరేళ్లు సాగింది. 613లో దమాస్కస్ పర్షియన్ల పాలైంది. మరుసటేడు జెరూసలేం పోయింది, క్రీస్తును శిలువ వేసిన కొయ్యగా క్రైస్తవులు కొలిచే శిలువను కూడా ఎత్తుకుపోయారు. ఆ తర్వాత రాజధానికి గోధుమలు పంపే ఈజిప్టూ పోయింది. 626లో ఐరోపా వైపు నుంచి వచ్చిన అవార్లు అనే సంచార తెగలవాళ్లు ఒక ఒడ్డునా పర్షియన్లు మరో ఒడ్డునా నిలబడి కాన్‌స్టాంటినోపుల్‌నే ముట్టడించారు.

610లో గద్దెనెక్కిన హెరాక్లియస్ ఈ గోతిలోంచి సామ్రాజ్యాన్ని పైకి లాగాడు. సైన్యానికి జీతాలు లేకపోతే చర్చిల వెండి బంగారాలు అప్పుగా తీసుకుని కరిగించి నాణేలు కొట్టించాడు. తనే సైన్యం వెంట నడిచి, 627 డిసెంబరులో నినెవే శిథిలాల దగ్గర పర్షియన్లను ఓడించాడు. రెండు మూడు నెలల్లో ఖుస్రూని సొంతవాళ్లే దించి చంపేశారు. 630లో హెరాక్లియస్ ఆ శిలువను తిరిగి జెరూసలేంలో ప్రతిష్ఠించాడు. కథ అక్కడితో ముగిసి ఉంటే అతనంతటి చక్రవర్తి లేడనే చెప్పుకునేవాళ్లం.

కానీ అప్పు తీర్చాలి కదా. చర్చి సొమ్ము ఏటా కట్టుకుంటూ రావాలి. పన్నులు రావాల్సిన రాష్ట్రాలేమో పదిహేనేళ్లు పరాయి చేతిలో ఉండి వచ్చాయి. దీన్ని దమాస్కస్ వైపు నుంచి చూడండి. 630లో ఇరవై ఏళ్ల కుర్రాడికి రోమన్ పన్ను అధికారి ముఖం గుర్తుండే అవకాశమే లేదు. వాడికి ఊహ తెలిసినప్పటి నుంచి ఊళ్లో ఉన్నది పర్షియన్లు. రోమ్ అన్నది నాన్న చెప్పిన మాట, ఇప్పుడు కొత్తగా వచ్చి బకాయిలు అడుగుతున్న మనిషి. ఏడు వందల ఏళ్ల ఏలుబడి అని పైన రాశాను గానీ, యార్మూక్ నాటికి ఆ ఏలుబడి తిరిగొచ్చి ఆరేడేళ్లే అయింది.

డబ్బు లేనప్పుడు మొదట కోతపడేది దూరాన ఉన్నవాళ్ల జీతాలకే. ఎడారి సరిహద్దుని కాపలా కాసే అరబ్బు తెగలకు రోమ్ ఏటా భత్యం ఇచ్చేది. 9వ శతాబ్దం మొదట్లో గ్రీకులో చరిత్ర రాసిన థియోఫానెస్ అనే సన్యాసి ఒక సంగతి చెబుతాడు. సైనికుల జీతాలు పంచుతున్న అధికారి దగ్గరికి ఆ అరబ్బులు తమ వంతు కోసం వచ్చారట. చక్రవర్తి తన సైనికులకే అతికష్టమ్మీద ఇస్తున్నాడు, ఇక ఈ కుక్కలకు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడు అన్నాడట ఆ అధికారి. మనసు విరిగిన ఆ తెగలవాళ్లు వెళ్లి ముస్లింలకు గాజా వైపు దారి చూపించారు. రెండు వందల ఏళ్ల తర్వాత రాసిన కథ కాబట్టి అక్షరమక్షరం నమ్మనక్కర్లేదు. అయితే ఓడిపోయిన వాళ్ల వారసులు తమ ఓటమికి మొదటి కారణంగా ఒక జీతాల గొడవని గుర్తుపెట్టుకున్నారన్నది గమనించాలి.

మతం గొడవ కూడా ఉంది. 451లో కాల్సిడాన్‌లో కూడిన క్రైస్తవ మతపెద్దల సభ క్రీస్తు స్వభావం మీద చేసిన తీర్మానాన్ని సిరియా, ఈజిప్టుల్లో చాలామంది ఒప్పుకోలేదు. రాజధాని వాళ్లని దారి తప్పినవాళ్లుగా చూసింది. అందుకే సిరియా క్రైస్తవులు ముస్లింలను చేతులు చాచి ఆహ్వానించారని కొందరు రాస్తారు. అది కాస్త సులువైన మాట. సువార్త పుట మీద రాసినవాడి గొంతులో ఆహ్వానం ఏమీ వినపడదు, పల్లెలు పోయాయన్న దిగులే ఉంది. జనం ఎదురెళ్లి హారతులివ్వలేదు. చక్రవర్తి కోసం ప్రాణాలివ్వాలనీ అనుకోలేదు. సైన్యానికి గింజలు కావలసి వచ్చినప్పుడు ఈ రెండో సంగతే పెద్ద దెబ్బ కొట్టింది.

అటువైపు

ప్రవక్త ముహమ్మద్ 632లో మరణించారు. అబూబకర్ ఖలీఫా అయ్యాక మదీనా మాట కాదన్న తెగలను ఏడాదిలో లొంగదీసుకున్నారు. 634లో సిరియా మీదికి దళాలు కదిలాయి. అమ్ర్ బిన్ ఆస్, యజీద్ బిన్ అబీ సుఫ్యాన్, షురహ్బీల్ బిన్ హసనా, అబూ ఉబైదా తలా ఒక దళంతో వచ్చారు. ఇరాక్‌లో ఉన్న ఖాలిద్‌ను కూడా అక్కడికే వెళ్లమన్నారు. అతను కొద్దిమందితో నీళ్లు లేని ఎడారి దాటి వచ్చాడు. ఒంటెలకు కడుపు నిండా నీళ్లు తాగించి, దారిలో వాటిని కోసి ఆ నీళ్లతో గుర్రాలను బతికించారని అరబ్బు చరిత్రలు చెబుతాయి.

ఆ నాయకుల పేర్లు ఒకసారి మళ్లీ చదవండి. ఈ ఖాలిదే యార్మూక్‌కి పదకొండేళ్ల ముందు, 625లో, ఉహుద్ కొండ దగ్గర ముస్లింల మీద గుర్రపు దళం నడిపి వాళ్లని దెబ్బతీశాడు. యజీద్ తండ్రి అబూ సుఫ్యాన్ మక్కాలో ప్రవక్తకు ప్రధాన ప్రత్యర్థి. యార్మూక్‌లో చనిపోయినవాళ్లలో చెప్పే ఇక్రిమా, అదే మక్కాలో బద్ధవైరి అబూ జహల్ కొడుకు. మతావేశం ఒక్కటే నడిపిందనే లెక్కకి ఈ జాబితా అంత తేలిగ్గా లొంగదు. మక్కా వర్తకుల కుటుంబాలకు సిరియా దారులు, సంతలు, నీటి చోట్లు తాతల నాటి నుంచి తెలుసు. వాళ్లు తెలియని దేశంలోకి రాలేదు.

634 వేసవిలో అజ్నాదైన్ దగ్గర రోమన్లు ఓడారు. అదే ఏడు అబూబకర్ మరణించారు, ఉమర్ ఖలీఫా అయ్యారు. ఖాలిద్‌ను దించి అబూ ఉబైదాకు పెత్తనం ఇచ్చారు. 635లో దమాస్కస్, ఆపైన హోమ్స్ లొంగాయి. అప్పుడు ఉత్తర సిరియా నగరం అంటియోక్‌లో కూర్చున్న హెరాక్లియస్ ఉన్నదంతా ఊడ్చి ఒక పెద్ద సైన్యాన్ని దించాడు. 636లో అది దక్షిణానికి కదలగానే అబూ ఉబైదా హోమ్స్, దమాస్కస్ వదిలేసి జాబియా దాకా వెనక్కి వచ్చేశాడు.

ఇక్కడ 9వ శతాబ్దపు చరిత్రకారుడు బలాజురీ ఒక ముచ్చట చెబుతాడు. హోమ్స్ వదిలి వెళ్తూ ముస్లింలు అక్కడి జనం దగ్గర వసూలు చేసిన పన్ను తిరిగి ఇచ్చేశారట. మిమ్మల్ని కాపాడతామని తీసుకున్నాం, ఇప్పుడు కాపాడలేం, మీ సొమ్ము మీరు తీసుకోండి అన్నారట. గెలిచినవాళ్లు చెప్పుకున్న కథ కాబట్టి ఇందులోనూ కాస్త మెరుగు ఉండే ఉంటుంది. ఓడినవాళ్లు చెప్పిన ఆ కుక్కల కథను దీని పక్కన పెట్టి చూడండి. రెండు భాషల్లో, రెండు మతాలవాళ్లు ఒకే యుద్ధం గురించి చెప్పేటప్పుడు ఇద్దరి కథలూ డబ్బు దగ్గరే ఆగాయి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి

ఆ నేల ఎలా ఉంటుందో తెలియకపోతే ఈ యుద్ధం అర్థం కాదు. హౌరాన్ అంటే నల్లరాతి పీఠభూమి. పైన చదునైన గోధుమ పొలాలు. ఆగస్టు నాటికి కోతలై ఎండు మోళ్లు మిగులుతాయి. చినుకు ఉండదు, గాలి లేస్తే కళ్లలో దుమ్మే. ఆ చదును మధ్యలో నేల కత్తితో కోసినట్టు చీలిపోయి ఉంటుంది. పడమట రుఖాద్ వాగు చీలిక, దక్షిణాన యార్మూక్ లోయ. నిట్రమైన రాతి గోడలు. దూరం నుంచి చూస్తే మైదానం కొనసాగుతున్నట్టే ఉంటుంది, అంచుకి వచ్చాక గానీ లోయ ఉన్నట్టు తెలియదు. తూర్పున లజా అనే లావా రాళ్ల బీడు, అందులో గుర్రం నడవదు. లోయకీ ఆ బీడుకీ మధ్య దెరా ఊరి దగ్గర ఒక సందు ఉంది. అరేబియాకి పోవాలన్నా రావాలన్నా ఆ సందే దారి.

ముస్లింల వీపు ఆ సందు వైపు ఉంది. ఓడితే ఎడారిలోకి జారుకోవచ్చు. నిలబడితే అదే దారిన మదీనా నుంచీ యెమెన్ నుంచీ కొత్త మనుషులు వస్తూనే ఉంటారు. రోమన్లు లోయల చీలికల మధ్య దిగారు. తప్పు చేశారని ఇప్పుడు తేలిగ్గా అనేస్తాం. ఆనాటి పద్ధతి ప్రకారం చూస్తే అది మంచి విడిదే. రెండు వైపులా లోయ ఉంటే రాత్రిపూట దాడి భయం ఉండదు, కాపలా తక్కువ సరిపోతుంది, నీళ్లు దగ్గర. ఉండటానికి ఎంత మంచి చోటో పారిపోవడానికి అంత చెడ్డ చోటు. రుఖాద్ మీద ఉన్న ఒక్క వంతెనే వెనక్కి దారి.

ఎదురెదురుగా కూర్చుని చాలా రోజులు గడిచాయి. మాటలు నడిచాయి, చిన్న చిన్న కొట్లాటలు జరిగాయి. ఈ ఆలస్యం ఎవరికి లాభమో తేల్చడం కష్టం కాదు. ఒక పక్క మనుషులు పెరుగుతున్నారు. రెండో పక్క రోజూ వేలమందికి రొట్టె, వేల గుర్రాలకు మేత కావాలి, పైగా అవన్నీ చుట్టుపక్కల ఊళ్ల నుంచే రావాలి.

ఆ పక్క సేనాపతులెవరు? అర్మేనియా నుంచి వచ్చిన వహాన్ ఒకడు. థియోడోర్ ట్రిథిరియస్ ఇంకొకడు. ఈ రెండో మనిషి అసలు ఉద్యోగం రాజ కోశాధికారి. కోశాధికారిని యుద్ధభూమికి పంపారంటేనే, జీతం వస్తుందో రాదో అన్న గుసగుస సైన్యంలో ఏ స్థాయిలో ఉందో ఊహించుకోవచ్చు. సైన్యంలో అర్మేనియన్లు, గ్రీకు మాట్లాడేవాళ్లు, జబలా బిన్ ఐహమ్ వెనక నడిచే గస్సానీ క్రైస్తవ అరబ్బులు. నాయకుల మధ్య పడలేదని దాదాపు అన్ని పక్షాల రాతలూ చెబుతున్నాయి. వహాన్ సైనికులు హెరాక్లియస్‌ను కాదని వహాన్‌నే చక్రవర్తిగా ప్రకటించారని థియోఫానెస్ రాశాడు.

దమాస్కస్‌లో పన్నుల పెత్తనం మన్సూర్ అనే క్రైస్తవుడిది. 10వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా పీఠాధిపతి యుటికియస్ అరబ్బీలో రాసిన చరిత్రలో ఈయన మీద ఒక వింత కథ ఉంది. వహాన్ డబ్బు అడిగితే, ఇంత సైన్యాన్ని మేపే సొమ్ము ఈ ఊళ్లో లేదన్నాడట మన్సూర్. తర్వాత ఒక రాత్రి ఊరి జనాన్ని వెంటేసుకుని, కాగడాలు పట్టించి, డప్పులు కొట్టించుకుంటూ శిబిరం వైపు వచ్చాడట. వెనక నుంచి అరబ్బులు పడ్డారనుకుని సైనికులు బెదిరి పరుగెత్తి లోయలో పడ్డారట. ఒక్క డప్పుల మోతకి ఒక సైన్యం కూలిపోదు. కానీ లెక్కలు చూసేవాడు చేతులెత్తేశాడన్న భాగం నాకు నమ్మబుద్ధేస్తుంది.

ఆరు రోజులు

ఇంటర్నెట్‌లో వెతికితే ఈ యుద్ధానికి ముచ్చటైన పటాలు దొరుకుతాయి. మొదటి రోజు ఇంత, రెండో రోజు అంత, ఎర్ర బాణాలు, నీలం బాణాలు. ఆగస్టు 15 నుంచి 20 దాకా ఆరు రోజులకు ఆరు బొమ్మలు. వీటిలో చాలావరకు 20వ శతాబ్దంలో సైనికులూ చరిత్రకారులూ పాత అరబ్బీ కథనాలను ముక్కలు ముక్కలుగా ఏరి కుట్టిన చిత్రమే. ఆ పాత కథనాలు యుద్ధం అయిన నూరు నూటయాభై ఏళ్ల తర్వాత కాగితం మీదికి వచ్చాయి. అంతదాకా అవి నోటి మాటగా, తెగల గొప్పలుగా తిరిగాయి. మా తాత ఫలానా రోమన్ వీరుణ్ణి ద్వంద్వయుద్ధంలో నరికాడు అన్నది ప్రతి తెగకీ ఒక ఆస్తి. బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథగా విన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. యుద్ధం నిజమే, చచ్చినవాళ్లూ నిజమే, ఎవరు ఏ మాటన్నారు, ఏ పూట ఏ పక్క నుంచి దూకారు అన్నది కథకుడి గొంతుని బట్టి మారుతుంది.

తేదీ దగ్గరే తకరారు ఉంది. సైఫ్ బిన్ ఉమర్ అనే కథకుడు యార్మూక్‌ను హిజ్రీ 13లో, అంటే 634లో, దమాస్కస్ పడకముందే పెట్టాడు. ఇబ్న్ ఇస్హాక్ అనే ఇంకో కథకుడు హిజ్రీ 15, అంటే 636, అన్నాడు. తర్వాతి చరిత్రకారుడు తబరీ తన చరిత్రలో వీళ్ల మాటలన్నీ పక్కపక్కనే పెట్టి పోయాడు. ఆ పీటముడి విప్పడంలో సువార్త పుట మీది నాలుగు వరుసలు ఎంతో అక్కరకొచ్చాయి. గ్రీకు శకంలో లెక్కేసిన సిరియన్ క్రైస్తవుడూ, హిజ్రీలో లెక్కేసిన అరబ్బూ ఒకే ఏటికి వచ్చి కలిశారు.

బాణాలు తీసేస్తే మిగిలేది కొంత ఉంది. పోరు ఒక్క పూటలో తేలలేదు. మొదట రోమన్ల ఒత్తిడికి ముస్లిం పంక్తులు వెనక్కి వంగాయి, ఒక దశలో శిబిరం దాకా వచ్చేశారు. పారిపోయి వస్తున్న మగవాళ్లను గుడారాల కొయ్యలతో ఆడవాళ్లే కొట్టి వెనక్కి తోలారని అరబ్బు కథనాలు చెబుతాయి. అందులో ముందు వినపడే పేరు అబూ సుఫ్యాన్ భార్య హింద్ బింత్ ఉత్బాది. మొగుణ్ణీ వదల్లేదంటారు. చివరి రోజు ఖాలిద్ గుర్రపు దళం అంతటినీ ఒక్కచోటికి చేర్చి పక్క నుంచి కొట్టాడు. రోమన్ గుర్రాలు ఒకపక్కకి చెదిరిపోయాయి, బరువైన కవచాలతో ఉన్న పదాతి దళం ఒంటరైంది. దక్షిణపు గాలి లేచి దుమ్ము రోమన్ల ముఖాన కొట్టిందంటాడు థియోఫానెస్. అర్మేనియాలో 660ల ప్రాంతంలో సెబియోస్ పేరుతో వచ్చిన చరిత్ర ఎండ గురించీ, ఆయుధాల బరువు గురించీ, మాటు వేసిన అరబ్బులు ఒక్కసారి లేచి మీద పడటం గురించీ చెబుతుంది. రుఖాద్ వంతెన ముస్లింల చేతికి చిక్కింది. ఇక పరుగు మొదలైంది. వెనక ఉన్నవాడు ముందువాణ్ణి తోస్తుంటే ముందువాడికి కాళ్ల కింద నేల లేదు.

అరబ్బీలో ఆ చోటికి వాకూసా అని పేరు. మెడ విరగడం అనే అర్థం వచ్చే ధాతువుతో ఆ పేరు ముడిపడింది. అక్కడ 1,20,000 మంది పడ్డారనీ, వాళ్లలో చాలామంది పారిపోకుండా ఒకరికొకరు గొలుసులతో కట్టుకున్నవాళ్లనీ సైఫ్ కథనం. గొలుసులు కట్టుకుని ఎవడూ యుద్ధం చేయడు. డాలుకి డాలు తగిలించి భుజం భుజం కలిపి నిలబడే రోమన్ పంక్తిని ఎడారి కథకుడు అలా చెప్పుకుని ఉంటాడు.

వహాన్ ఏమయ్యాడు? యుద్ధంలోనే పోయాడన్నవాళ్లు ఉన్నారు. యుటికియస్ మాత్రం మొహం చెల్లక సీనాయి కొండకు పోయి సన్యాసం పుచ్చుకున్నాడంటాడు.

లెక్కల విషయానికొస్తే ఒకరికొకరికి పొంతన లేదు. బలాజురీ ప్రకారం రోమన్లు 2 లక్షలు, ముస్లింలు 24 వేలు, చచ్చిన రోమన్లు 70 వేలు. సువార్త పుట 50 వేలంటుంది. సెబియోస్ చరిత్ర చచ్చినవాళ్లు 2 వేలకు పైచిలుకు అని ఊరుకుంటుంది. ఎక్కడో ఫ్రాన్స్ నేలలో 660 ప్రాంతంలో కూర్చుని రాసిన ఫ్రెడెగార్ చరిత్రలో హెరాక్లియస్ సైనికులు 52 వేల మంది ఒక్క రాత్రిలో పడుకున్నచోటే చచ్చిపోయారని ఉంది. పుకారు అంత దూరం నడిచింది. ఇప్పటి చరిత్రకారుల్లో ఎక్కువమంది రోమన్ సైన్యం 15 వేలకీ 40 వేలకీ మధ్య ఉండొచ్చంటారు, ముస్లింలకూ అటూఇటూ అంతే. ఆ ఎండలో, ఆ పొలాల మధ్య 2 లక్షల మందికి నీళ్లు పట్టడం, తిండి పెట్టడం ఎలాగో ఒక్కసారి ఆలోచిస్తే ఆ పెద్ద అంకె దానంతటదే రాలిపోతుంది.

రెండో సైన్యం ఏది?

రోమ్‌కి ఇంతకంటే పెద్ద ఓటములు లేకపోలేదు. 613లో ఓడి, 614లో జెరూసలేం పోగొట్టుకుని, పదిహేనేళ్లు పట్టినా తిరిగి తెచ్చుకున్న మనిషే ఈ హెరాక్లియస్. ఈసారి ఎందుకు లేవలేదు? నా లెక్కలో యార్మూక్ నిర్ణాయకం అయింది లోయలో పడిన మనుషుల సంఖ్య వల్ల కాదు. వాళ్ల చోట్లోకి ఇంకొకరిని తెచ్చి జీతమిచ్చే స్తోమత అప్పటికే లేదు. ఇక కరిగించడానికి చర్చి వెండి కూడా మిగల్లేదు. ఎదురు నిలబడి పోరాడొద్దని చెప్పి, ఉన్నవాళ్లని సిరియాకి ఉత్తరాన ఉన్న తారస్ కొండల అవతలికి లాక్కున్నాడు. సిరియాకి సెలవు చెబుతూ, శత్రువుకి ఎంత మంచి దేశం దొరికిందో అని నిట్టూర్చాడని అరబ్బులు చెప్పుకున్నారు.

దీనికి రుజువు అడిగితే రెండు సంగతులు చూపిస్తాను. పాలస్తీనా తీరంలోని సీజేరియా 640 ప్రాంతం దాకా లొంగలేదు. అక్కడికి ఓడల్లో తిండీ మనుషులూ అందారు, కాబట్టి నిలబడింది. లోపలి ఊళ్లకు ఏమీ అందలేదు, కాబట్టి దేనికది బేరం కుదుర్చుకుంది. జెరూసలేం పీఠాధిపతి సోఫ్రోనియస్ 637, 638 ప్రాంతంలో నగరాన్ని ఒప్పగించాడు. ఇక రెండోది 639 నాటి అమ్వాస్ ప్లేగు. అబూ ఉబైదా, యజీద్, షురహ్బీల్ ముగ్గురూ అందులో పోయారు. గెలిచిన పక్షం నాయకత్వం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తిరిగి కొట్టాలంటే అంతకన్నా మంచి అదను రాదు. రోమన్లు కదల్లేదు.

ఇదే రోజుల్లో ఇరాక్‌లో ఖాదిసియా దగ్గర పర్షియా కూడా ఓడింది. ఇరవై ఆరేళ్లు కొట్టుకున్న ఇద్దరూ ఒకరి వెనక ఒకరు మూడోవాడి చేతిలో పడ్డారు. పర్షియా రాజవంశం పదిహేనేళ్లలో అంతరించింది. రోమ్ మాత్రం 1453 దాకా, ఇంకో 817 ఏళ్లు, బతికింది. హెరాక్లియస్‌ను తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, పోయినదాని కోసం ఉన్నది పోగొట్టకుండా కొండల దగ్గర గీత గీసుకున్నందుకు అతనికి కొంత మెప్పు దక్కాలి.

గెలిచినవాళ్లు పాఠం బాగానే వంటబట్టించుకున్నారు. 641 ప్రాంతంలో ఖలీఫా ఉమర్ యోధులందరి పేర్లతో పట్టీ కట్టించి, ఎవరికి ఏటా ఎంత భత్యమో రాయించారు. ఆ పట్టీ పేరు దీవాన్. మన ‘దివాణం’ దాని దూరపు మనవడు. సిరియా జనాన్ని మాత్రం పెద్దగా కదిలించలేదు. జనంలో ఎక్కువమంది ముస్లింలు కావడానికి శతాబ్దాలు పట్టింది. యుద్ధం అయిన యాభై ఏళ్లకి కూడా దమాస్కస్ సంతలో శిలువ, చక్రవర్తి బొమ్మ ఉన్న నాణేలు చెల్లుతూనే ఉన్నాయి. 700 ప్రాంతం దాకా పన్నుల లెక్కలు గ్రీకులోనే రాశారు.

ఆ లెక్కలు రాసింది మన్సూర్ కుటుంబమే. ఆయన కొడుకు సర్జూన్, యజీద్ తమ్ముడైన ముఆవియా ఖలీఫా దగ్గర పన్నుల అధికారిగా పనిచేశాడు. మనవణ్ణి క్రైస్తవ ప్రపంచం దమాస్కస్ యోహాను అంటుంది. జెరూసలేం దగ్గరి మఠంలో కూర్చుని, చర్చిల్లో పటాలు తీసేయమన్న రోమన్ చక్రవర్తిని తప్పుపడుతూ ఆయన గ్రీకులో గ్రంథాలు రాశాడు. ఖలీఫా నేల మీద ఉన్నవాణ్ణి చక్రవర్తి పట్టించలేడు. 754లో కాన్‌స్టాంటినోపుల్ పక్కన హైరియా రాజభవనంలో బిషప్పులు సభ చేసి ఆయన్ని శపించారు. శపించేటప్పుడు యోహాను అని కూడా అనలేదు, ఇంటి పేరు పెట్టి తిట్టారు: మన్సూర్ అని.